ఒక నవల, పదకొండు మంది పిల్లలు, నేను అడిగిన ప్రశ్నలు

పది నుంచి పన్నెండేళ్ల వయసున్న పదకొండు మంది పిల్లలతో కలిసి, వారానికి రెండు రోజుల చొప్పున తొమ్మిది వారాలు ఒకే నవల చదివాను. పేరు టక్ ఎవర్‌లాస్టింగ్. నటాలీ బాబిట్ రాశారు, 1975లో వచ్చింది. చిన్న పుస్తకమే. మొదట ఒక ప్రస్తావన, తర్వాత 25 చిన్న చిన్న అధ్యాయాలు, చివర ఒక ముగింపు. పుస్తకం ఇంగ్లిష్‌లో చదివాం, మాట్లాడుకున్నది ఎక్కువగా తెలుగులో.

కథ తెలియని వాళ్లకి కొంచెం చెప్పాలి. ఒక అడవిలో పెద్ద చెట్టు మొదట్లో ఊట ఉంటుంది. దారిన పోతూ టక్ కుటుంబం ఆ నీళ్లు తాగుతుంది. తండ్రి ఆంగస్, తల్లి మే, కొడుకులు మైల్స్, జెస్సీ. ఆ రోజు నుంచి వాళ్లకి వయసు పెరగదు, చావు రాదు. 87 ఏళ్లు గడిచాక, ఆ అడవి ఎవరిదో ఆ ఇంటి పాప విన్నీ ఈ రహస్యం తెలుసుకుంటుంది. ఆమెకి పదేళ్లు. పసుపు రంగు సూటు వేసుకున్న ఒకాయన కూడా పొదల చాటు నుంచి అంతా వింటాడు. ఆ నీళ్లు అమ్ముకోవాలని అతని ఆశ. జెస్సీ ఒక చిన్న సీసాలో ఆ నీళ్లు పట్టి విన్నీకి ఇచ్చి, నీకు పదిహేడేళ్లు వచ్చాక తాగు అంటాడు. తాగిందా లేదా అన్నది పుస్తకం చివర్లో గానీ తెలియదు. అది చెప్పకుండా నా అనుభవం చెప్పలేను కాబట్టి, ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు పుస్తకం చదివాక ఇటు రండి.

మొదటి రెండు వారాలు నేను బాగా చెబుతున్నాననే అనుకున్నాను. అధ్యాయానికి పది ప్రశ్నల చొప్పున వర్క్‌షీట్లు తయారుచేశాను. విన్నీ ఇంటి చుట్టూ ఏముంది? ఆమె ఎవరితో మాట్లాడుతోంది? అడవి ఎవరిది? పిల్లలు చకచకా రాసి ఇచ్చేవాళ్లు, నేను టిక్కులు పెట్టేదాన్ని. నాలుగో అధ్యాయం అయ్యాక ఒక అబ్బాయిని మాటల్లో అడిగాను, విన్నీ ఇంట్లోంచి పారిపోవాలని ఎందుకు అనుకుంటోంది అని. వాడు చాలా మామూలుగా, "నేను చదవలేదు టీచర్. ప్రశ్నలో ఉన్న పదం ఏ లైన్లో ఉందో చూసి ఆ లైన్ రాసేస్తాను" అన్నాడు. ఆ వర్క్‌షీట్‌లో వాడికి పదికి తొమ్మిది వచ్చాయి.

వాడి మీద కోపం రాలేదు. నేను అడిగిన పనే వాడు చేశాడు. ఆ రాత్రి నాలుగు అధ్యాయాల వర్క్‌షీట్లు ముందు పెట్టుకుని నా నలభై ప్రశ్నల్నీ ఒక్కొక్కటిగా చూశాను. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఉన్న సంబంధాన్ని బట్టి ప్రశ్నల్ని నాలుగు రకాలుగా చూడొచ్చని టాఫీ రాఫెల్ అనే విద్యా పరిశోధకురాలు 1980లలో చెప్పారు. జవాబు ఒకే చోట రాసి ఉన్నవి ఒక రకం. రెండు మూడు చోట్ల వెతికి కలుపుకోవాల్సినవి ఇంకో రకం. రచయిత చెప్పినదానికి మనకి తెలిసింది చేర్చుకుంటే గానీ తేలనివి మూడోది. పుస్తకం తెరవకుండానే చెప్పగలిగినవి నాలుగోది. నా నలభైలో ముప్పై నాలుగు మొదటి రకం. మిగిలిన ఆరూ నాలుగో రకం, అంటే "నీకైతే ఏమనిపిస్తుంది" లాంటివి. మధ్యలో ఉన్న రెండు రకాలూ ఒక్కటి కూడా లేవు. పుస్తకం చదవాల్సిన అవసరం వచ్చేది సరిగ్గా ఆ రెంటి దగ్గరే.

మొదటి రకం ప్రశ్నల్ని పూర్తిగా తీసేయలేదు. ఏడో అధ్యాయంలో టక్ కుటుంబం తమ కథ అంతా విన్నీకి చెబుతుంది. ఎవరు నీళ్లు తాగారు, గుర్రం తాగిందా, పిల్లి తాగిందా అన్నవి అక్కడ స్పష్టంగా తెలియకపోతే ముందుకు సాగడం కష్టం. పిల్లి తాగలేదు, అందుకే అది ముసలిదై చనిపోయింది. ఇలాంటివి రెండు అడిగి ఊరుకునేదాన్ని, అవి కూడా నోటితోనే.

రెండో రకానికి నాకు బాగా పనికొచ్చినది వయసుల లెక్క. జెస్సీకి పదిహేడేళ్లప్పుడు నీళ్లు తాగాడు, ఇప్పుడు తనకి 104 అంటాడు. మైల్స్‌కి అప్పుడు 22. మరి మైల్స్ అసలు వయసెంత? నీళ్లు తాగి ఎన్నేళ్లయింది? ఇది లెక్కల క్లాసులా మొదలైంది. పావుగంటకి ఒక పిల్ల తల ఎత్తి, "అంటే మైల్స్ పిల్లలు ఇప్పటికి వాళ్ల నాన్న కంటే ముసలివాళ్లు అయిపోయి ఉంటారు కదా" అంది. మైల్స్‌కి పెళ్లయి ఇద్దరు పిల్లలుండేవారు. అతనికి వయసు పెరగకపోవడం చూసి భయపడి భార్య పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి పుస్తకంలో రెండు మూడు వాక్యాల్లో వచ్చి పోతుంది. లెక్క వేసేదాకా తరగతిలో ఎవరికీ అది తగల్లేదు. ఆ రోజు నేను ఇంకేమీ అడగలేదు.

ఇంకొకటి, "ఎవరికి ఏం తెలుసు" పట్టిక. బోర్డు మీద నాలుగు నిలువు గళ్లు గీశాను. విన్నీ, టక్ కుటుంబం, పసుపు సూటు మనిషి, మనం. ప్రతి అధ్యాయం తర్వాత ఏ గడిలో కొత్తగా ఏం చేరిందో పిల్లలే రాయాలి, పక్కన పేజీ నంబరు వేయాలి. పొదల చాటు నుంచి ఆ మనిషి విన్నాడని మనకి తెలుసు, టక్ కుటుంబానికి తెలియదు. ఆ గళ్ల మధ్య తేడా పెరిగేకొద్దీ పిల్లల్లో టెన్షన్ పెరగడం నా కళ్లతో చూశాను. ఒకడైతే, "వాళ్లకి ఎవరైనా చెప్పండి టీచర్!" అని లేచి నిలబడ్డాడు. ఫ్యాంటసీ నవల చెప్పేవాళ్లకి నేను ఒక్క పద్ధతే సిఫారసు చేయాలంటే ఇదే చేస్తాను. కల్పిత లోకంలో నియమాలు కొత్తగా ఉంటాయి. ఏ నియమం ఎవరికి తెలుసో పట్టుకుంటే కథ పిల్లల చేతికి చిక్కుతుంది.

అడిగాక ఆగడం నేర్చుకోవడానికి మాత్రం చాలా కష్టపడ్డాను. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవుగా, కారణాలతో వస్తాయని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో గమనించారు. చదివినప్పుడు మూడు సెకన్లే కదా అనిపించింది. క్లాసులో పదకొండు మొహాలు నన్నే చూస్తుంటే అది ఎంత పొడవో అప్పుడు తెలిసింది. నోట్లోంచి సూచన వచ్చేస్తుంది. అందుకే ప్రశ్న అడగగానే కూర్చుని నా పుస్తకం తెరిచి నేను కూడా జవాబు వెతకడం మొదలుపెట్టాను. నేను వెతుకుతుంటే పిల్లలూ వెతికారు.

భాష సంగతి కూడా ఒక మాట. మొదట్లో జవాబులు ఇంగ్లిష్‌లోనే చెప్పమన్నాను. ఇద్దరు పిల్లలు ఏ ప్రశ్నకైనా "షీ ఈజ్ శాడ్" దగ్గరే ఆగిపోయేవారు. అర్థం కాలేదేమో అనుకున్నాను. తెలుగులో చెప్పమన్న రోజు ఆ ఇద్దరిలో ఒక అమ్మాయి, "విన్నీకి బాధ కాదు టీచర్, బెంగ. ఇంట్లో ఉన్నప్పుడు బయటికి పోవాలని, బయటికి పోయాక ఇంటికి రావాలని" అంది. నేను రాసుకున్న జవాబు కంటే అది మేలుగా ఉంది. ఆ తర్వాత ఆలోచన తెలుగులో, దానికి ఆధారం ఇంగ్లిష్ పేజీలో చూపించడం అని నియమం పెట్టుకున్నాం.

ఇక నిజ ప్రపంచంతో ముడిపెట్టడం. ఇందులో మొదట తప్పు చేశాను. అయిదో అధ్యాయం చదవకముందే ఎక్కువ కాలం బతికే జీవుల గురించి స్లైడ్లు చూపించాను. కాలిఫోర్నియాలో 4,800 ఏళ్లు దాటిన బ్రిసిల్‌కోన్ పైన్ చెట్టు, కనీసం 272 ఏళ్లు బతికి ఉంటుందని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టిన గ్రీన్‌లాండ్ షార్క్. పిల్లలకి పిచ్చిగా నచ్చింది. గంటసేపు షార్క్ గురించే మాట్లాడారు. పుస్తకం డెస్కు మీద మూసే ఉంది. మరుసటి తరగతికి వచ్చాక కూడా, "ఇవాళ ఇంకో జంతువు చెప్పండి" అన్నారు. నేను కథకి తలుపు తీద్దామనుకుని వేరే ఇంటికి దారి చూపించాను.

అందుకని ఆ విషయాలన్నీ పన్నెండో అధ్యాయం తర్వాతికి మార్చాను. ఆ అధ్యాయంలో ఆంగస్ టక్ విన్నీని చెరువులో పడవ మీద తీసుకెళ్తాడు. సూర్యుడు సముద్రంలోంచి నీటిని పైకి లాగుతాడు, అది మబ్బవుతుంది, వాన అవుతుంది, ఏరై మళ్లీ సముద్రానికి చేరుతుంది, అదంతా ఒక చక్రం అని చెబుతాడు. అలా చెబుతుండగానే పడవ పడిపోయిన చెట్టు కొమ్మల్లో చిక్కుకుని ఆగిపోతుంది. నీళ్లు దాన్ని దాటుకుంటూ పోతుంటాయి. మా కుటుంబం ఈ పడవలాగే ఇరుక్కుపోయింది అంటాడు ఆయన. ముందు పిల్లల్ని నీటి చక్రం బొమ్మ గీయమన్నాను. సైన్సు పుస్తకంలో గీసే అదే బొమ్మ. తర్వాత అందులో పడవ ఎక్కడ ఉండాలో గీయమన్నాను. కొందరు ఏటిలో గీశారు. ఇద్దరు చక్రానికి బయట, కాగితం అంచున గీశారు. ఎక్కడ గీయాలన్న దాని మీద జరిగిన వాదన ఆ తొమ్మిది వారాల్లో నాకు బాగా గుర్తుండిపోయినది.

అప్పుడు చెప్పాను, టురిటోప్సిస్ డోర్నీ అనే చిన్న జెల్లీఫిష్ గురించి. దెబ్బ తగిలినా, ఆకలితో ఉన్నా అది మళ్లీ తన బాల్యదశ అయిన పాలిప్‌గా మారిపోగలదు. అలా ఒక్కసారే కాదు, మళ్లీ మళ్లీ చేయగలదు. అందుకే దాన్ని చావు లేని జెల్లీఫిష్ అంటారు, కానీ చేపలు దాన్ని తినేస్తే, దానికి జబ్బు చేస్తే అదీ చచ్చిపోతుంది. "అయితే దానికీ టక్ వాళ్లకీ తేడా ఏంటి" అని అడిగి కూర్చున్నాను. చాలాసేపటికి, చదవకుండా తొమ్మిది మార్కులు తెచ్చుకున్న అబ్బాయే చెప్పాడు. "జెల్లీఫిష్ వెనక్కి తిరిగి మళ్లీ మొదటి నుంచి పెరుగుతుంది. అది చక్రం మీదే ఉంది. టక్ వాళ్లు దిగిపోయారు." వాడు ఆ మాట అంటూ పడవ ఉన్న పేజీ తెరిచి పట్టుకున్నాడు.

బయటి విషయం చెప్పాక ప్రతిసారీ పుస్తకంలోకి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటి ఉండాలని అక్కడే నిర్ణయించుకున్నాను. పసుపు సూటు మనిషి దగ్గర ఇన్సులిన్ కథ చెప్పాను. షుగర్ జబ్బుకి మందుగా ఇన్సులిన్‌ని తయారుచేసిన పరిశోధకులు బాంటింగ్, బెస్ట్, కోలిప్ 1923లో తమ పేటెంటును ఒక్కొక్కరూ ఒక్క డాలర్‌కి టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. పిల్లలు వెంటనే వాళ్లు మంచివాళ్లు, ఇతను చెడ్డవాడు అని తేల్చేశారు. "మరి టక్ కుటుంబం? వాళ్లు అమ్మలేదు గానీ, ఎవరికీ ఇవ్వనూ లేదు కదా. ఊట కనబడకుండా గులకరాళ్లు కప్పేశారు" అన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. పుస్తకాలు తెరుచుకున్నాయి.

అన్ని ముడులూ నేనే వేయలేదు. అశ్వత్థామని తెచ్చింది ఒక అమ్మాయి. కృష్ణుడి శాపం వల్ల ఆయన గాయాలతో, ఒంటరిగా తిరుగుతూ బతకాలి కదా, మరి హనుమంతుడు కూడా చిరంజీవే, ఇద్దరికీ చావు లేదు, ఒకరికి వరం ఒకరికి శాపం ఎలా అయింది అని అడిగింది. నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. హనుమంతుడికి చేయడానికి పని ఉంది అని ఒకరు, ఆయన్ని అందరూ తలుచుకుంటారు, టక్ వాళ్లని ఎవరూ దగ్గరికి రానివ్వరు అని ఇంకొకరు అన్నారు. ఇలాంటిది వర్క్‌షీట్‌లో నేను రాయలేను.

ఇప్పుడు నా మనసులో ఇంకా మెదిలే సంగతి. ఎనిమిదో వారంలో పిల్లల సొంత జీవితంతో ముడిపెట్టే ప్రశ్న ఒకటి అడిగాను. మీకు దగ్గరివాళ్లు ఎవరైనా చనిపోయారా, అప్పుడు మీకేమనిపించింది అని. టీచర్ల పుస్తకాల్లో ఇలాంటి ప్రశ్నలు మామూలుగానే కనిపిస్తాయి, నేనూ మామూలుగానే అడిగాను. ఒక పాప తల వంచుకుంది. రెండు చేతులతో పుస్తకం అంచు పట్టుకుని, క్లాసు అయిపోయేదాకా తల ఎత్తలేదు. వాళ్ల తాతయ్య పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ సంగతి నాకు తెలియదు. తెలియకపోవడం సాకు కాదు. చావు గురించిన పుస్తకం చెబుతూ, ఎవరింట్లో ఏం జరిగిందో కనుక్కోకపోవడం నా తప్పు. ఆ సాయంత్రం వాళ్లమ్మకి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆవిడ, "ఇంట్లో దాని గురించి అది ఏమీ మాట్లాడటం లేదండీ" అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత సొంత జీవితం గురించి అందరి ముందూ అడగడం మానేశాను. అడగాలనిపిస్తే కాగితం మీద రాయమంటాను. నాకు చూపించాలా, తమ దగ్గరే ఉంచుకోవాలా అన్నది వాళ్ల ఇష్టం. ఖాళీ కాగితం ఇచ్చినా తీసుకుంటాను. పాత్రల గురించి అడిగినప్పుడు పిల్లలకి ఒక ముసుగు ఉంటుంది. మైల్స్‌కి ఎలా ఉంటుంది అని అడిగితే మైల్స్ పేరుతోనే తమ మాట చెప్పేస్తారు. ఆ ముసుగు లాగేసే హక్కు నాకు లేదు.

మే టక్ చేసిన పని మీద వాదోపవాదం కూడా పెట్టాం. పసుపు సూటు మనిషి విన్నీని లాక్కెళ్లబోతే మే అతన్ని తుపాకీ మడమతో కొడుతుంది, అతను చనిపోతాడు, ఆమెకి ఉరి పడే పరిస్థితి వస్తుంది. రెండు జట్లుగా వాదించారు. గెలవాలన్న ఆవేశంలో పుస్తకం పక్కకి పోయింది. పేజీ చూపించని వాదన లెక్కకు రాదు అనే నియమం ముందే పెట్టాల్సింది. అంతకు మించి ఆ రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు.

చివరి వారం, ముగింపు చదవడానికి ముందు అందరికీ చిన్న కాగితాలు ఇచ్చాను. ఆ సీసా మీ చేతిలో ఉంటే ఏం చేస్తారో రాసి, మడిచి కవరులో పెట్టండి, ముగింపు చదివాక తెరిచి మళ్లీ చూసుకుందాం అన్నాను. ఆ తర్వాత ముగింపు నేనే పైకి చదివాను. ఎన్నో ఏళ్లకి ఆంగస్, మే ఆ ఊరికి తిరిగి వస్తారు. శ్మశానంలో ఆంగస్‌కి ఒక రాయి కనిపిస్తుంది. దాని మీద విన్నీ పేరు, 1870–1948. నేను ఆపకముందే ఇద్దరు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 78 ఏళ్లు బతికింది. పదేళ్లప్పుడు ఈ కథ జరిగింది కాబట్టి అది 1880. అందులోంచి 87 తీసేస్తే టక్ కుటుంబం నీళ్లు తాగింది 1793లో. ఎవరూ అడగని లెక్క అది. చివర్లో దారి మధ్యలో కదలకుండా కూర్చున్న కప్పని ఆంగస్ పక్కకి తీసి, ఇది ఎప్పటికీ చావననుకుంటున్నట్టుంది అన్నట్టు ఏదో అంటాడు. విన్నీ ఆ సీసా నీళ్లు కప్ప మీద పోసిందని ఆయనకి తెలియదు, మాకు తెలుసు. పిల్లలు నవ్వుతూ బోర్డు మీద పట్టిక వైపు చూశారు, ఆఖరి గడి ఇంకా అక్కడే ఉంది.

కవర్లు తెరిచారు. ఇద్దరు తాము రాసింది కొట్టేసి వేరేది రాశారు. మిగతావాళ్లు మార్చలేదు. తల వంచుకున్న పాప కవరు తీసుకొచ్చి నా డెస్కు మీద పెట్టి, "మీరు చదవచ్చు" అంది. ఇక్కడ రాస్తానంటే కూడా సరే అంది. అందులో ఇలా ఉంది: "నేను తాగను. తాతయ్యకి ఇస్తాను. కానీ ఎప్పటి తాతయ్యకి ఇవ్వాలి? చిన్నప్పుడు ఇస్తే నేను పుట్టేసరికి తాతయ్యలా ఉండడు. మొన్న ఇస్తే ఎప్పటికీ దగ్గుతూనే ఉంటాడు."

చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఆంగస్‌కి ఒక వయసు, జెస్సీకి ఒక వయసు ఎందుకు ఆగిపోయాయో, ఆ ఇంట్లో అందరిలో జెస్సీ ఒక్కడే ఎందుకు సంతోషంగా ఉంటాడో నేను ఎన్ని రకాలుగా అడిగినా ఇంత సూటిగా రాలేదు. పాపని పిలిచి, ఈ ప్రశ్న నేను వాడుకోవచ్చా, పేరు చెప్పను అని అడిగాను. తల ఊపింది. వచ్చేసారి ఈ పుస్తకం చెప్పేటప్పుడు ఏడో అధ్యాయం దగ్గర అడగాలని నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను: ఆ నీళ్లు ఎవరికైనా ఇవ్వాలంటే, వాళ్ల ఏ వయసులో ఇస్తారు?